ఒక పిస్తోలుకు ఎన్ని పుట్టిన తేదీలు?

పాత ఆయుధాల మాట ఎత్తితే చాలు, మన పెద్దల ఇళ్ళల్లో ఒక కథ బయటికి వస్తుంది. "మా తాతగారు లాన్సర్లలో పనిచేశారు, పాలస్తీనా లడాయి నుంచి జర్మన్ పిస్తోలు తెచ్చారు" అని ఒకరంటారు. "అది అసలు తుర్కీ పాషాది" అని పక్కనున్న బాబాయిగారు ఇంకో మాట కలుపుతారు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అటువంటి కథలను కొట్టిపారెయ్యటం మా ఉద్దేశం కాదు. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టుకు, పాలస్తీనాకు వెళ్ళిన మాట నిజమే. మైసూరు, జోధ్‌పూర్ రౌతులతో కలిసి వారు 15వ అశ్వదళ బ్రిగేడులో వున్నారు. 1918 సెప్టెంబరులో హైఫా పట్టణాన్ని తీసుకున్నది ఈ బ్రిగేడే. అక్కడ గుర్రాలు దూకించిన పేరు మైసూరు, జోధ్‌పూర్ వారికి దక్కింది. ఎదుటి పక్షం ఉస్మానియా సైన్యం. దానికి సేనాపతి లిమాన్ ఫాన్ సాండర్స్ అనే జర్మన్. కాబట్టి అక్కడ జర్మన్ పిస్తోలు ఒక సిపాయి చేతికి చిక్కటం అసంభవమేమీ కాదు.

కానీ సంభవం వేరు, జరగటం వేరు. కథ చెప్పే నోటిని ఎదురు ప్రశ్నించలేము, మర్యాద కాదు. వస్తువును మాత్రం ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. అది ఇనుము గనుక కోపగించుకోదు. ఎలా అడగాలో, అది ఎలా జవాబు చెబుతుందో ఈ వ్యాసంలో రాస్తున్నాము. ఉదాహరణకు ఆ రోజుల్లో లోకమంతా పేరుపడ్డ పిస్తోలునే తీసుకుందాం. జర్మన్లు దాన్ని "పిస్తోలు 08" అన్నారు, తక్కిన లోకం "లూగర్" అన్నది.

దీని వంశం కొంచెం చెప్పాలి. హ్యూగో బోర్చార్ట్ అనే ఇంజనీరు 1893లో ఒక పిస్తోలు తయారుచేశాడు. మన మోకాలు ఎలా ముడుచుకుంటుందో అలా పైకి ముడుచుకునే కీలు దాని ప్రత్యేకత. పనిచేసేది గాని చేతిలో పట్టుకుంటే బరువు, అందం లేదు. జార్జ్ లూగర్ అనే ఆస్ట్రియా దేశస్థుడు దాన్ని చిన్నదిగా, చేతికి ఒదిగేదిగా మార్చాడు. 1900లో స్విట్జర్లాండు సైన్యం తీసుకున్నది. 1904లో జర్మన్ నౌకాదళం, 1908 ఆగస్టులో జర్మన్ భూసైన్యం తీసుకున్నాయి. ఆ 08 అనే అంకె అక్కడి నుంచి వచ్చిందే. పిడిలో 8 తూటాల మ్యాగజైన్, సుమారు 10 సెంటీమీటర్ల గొట్టం, 9 మిల్లీమీటర్ల తూటా. నౌకాదళం వారి గొట్టం 15 సెంటీమీటర్లు, ఫిరంగి దళం వారిది 20 సెంటీమీటర్లు. బెర్లిన్‌లోని డి.డబ్ల్యు.ఎం. అనే కంపెనీ, 1911 నుంచి ఎర్ఫర్ట్ పట్టణంలోని సర్కారీ కార్ఖానా, ఈ రెండూ యుద్ధం ముగిసేదాకా వీటిని తయారుచేశాయి.

ఇక అసలు విషయం. ఈ పిస్తోలు ముక్కలను ఆ కాలంలో మిషను మీద కోసి, పనివాడు ఆకురాయితో అరగదీసి ఒకదానికొకటి సరిపెట్టేవాడు. ఒక పిస్తోలు ముక్క ఇంకో పిస్తోలులో సరిగ్గా కూర్చోకపోవచ్చు. అందుకని ప్రతి ముక్క మీదా నంబరు కొట్టారు. చట్రం ముందువైపున, గొట్టం అడుగున, గొట్టం బిగించే పై భాగానికి ఎడమవైపున (దీన్ని రిసీవర్ అంటారు) పూర్తి నంబరు వుంటుంది. కీలు ముక్కలు, ట్రిగ్గరు, సేఫ్టీ మీట, పక్కరేకు వంటి చిన్నవాటి మీద ఆఖరు రెండు అంకెలే వుంటాయి. బారక్‌లో పది పిస్తోళ్ళు ఒకే పళ్ళెంలో విప్పి శుభ్రం చేసినా, ఏ ముక్క ఎవరిదో అంకె చూసి తీసుకోవచ్చు. మా బడిలో పిల్లలు పలకల వెనక పేరు గీసుకున్నట్టే.

నంబర్లు ప్రతి సంవత్సరం మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేవి. పదివేలకు చేరాక మళ్ళీ ఒకటి నుంచి, ఈసారి కింద గొలుసుకట్టు రాతలో ఒక చిన్న అక్షరం చేర్చేవారు. అది అయ్యాక తరువాతి అక్షరం. అందువల్ల నంబరు ఒక్కటే చూసి తేదీ చెప్పటం కుదరదు. ఒకే నంబరుగల పిస్తోళ్ళు చాలా వుండవచ్చు. కార్ఖానా, సంవత్సరం, నంబరు, అక్షరం, ఈ నాలుగూ కలిస్తేనే ఒక్క పిస్తోలు అవుతుంది. సంవత్సరం ఎక్కడ వుంటుందంటే, తూటా కూర్చునే గది నెత్తి మీద. 1910 నుంచి సైన్యం పిస్తోళ్ళ మీద ఇది కొట్టారు. కార్ఖానా గుర్తు కీలు మీద వుంటుంది. అక్షరాలు పెనవేసుకుంటే డి.డబ్ల్యు.ఎం., కిరీటం కింద ఊరిపేరు వుంటే ఎర్ఫర్ట్. ఎర్ఫర్ట్ పరీక్షకుల గురించి ఒక మాట చెప్పకుండా వుండలేము. వాళ్ళు చిన్నచిన్న ముక్కల మీద కూడా కిరీటం కింద ఒక అక్షరం చొప్పున తనిఖీ ముద్ర వేశారు. సర్కారీ ఆఫీసు అంటే ఎక్కడైనా అంతే, మొహరు లేనిది కాగితం కదలదు! వాళ్ళ చాదస్తమే ఈనాడు మనకు అక్కరకు వస్తున్నది. డి.డబ్ల్యు.ఎం. చట్రంలో అటువంటి ముద్రల చిన్న ముక్క కనిపిస్తే అది ఎక్కడినుంచో వచ్చి చేరిందని తెలిసిపోతుంది.

అన్నీ ఒకే నంబరుతో వుంటే చిక్కే లేదు. కానీ లడాయిలో తిరిగిన ఆయుధం అలా మిగలటం అరుదు. విరిగిన మూడింటి నుంచి పనిచేసే ఒకటి తయారుచెయ్యటం సైన్యం మిస్త్రీ పని. అతనికి నంబరు కన్నా మర్నాటి కవాతు ముఖ్యం. ఇలా కలగలిసిన పిస్తోలును ఏ సంవత్సరంది అనాలి? చాలామంది గది నెత్తి మీది అంకె చూసి అదే అంటారు. కానీ అది ఆ రిసీవరు తేదీ మాత్రమే. కింద చట్రం ఇంకో పిస్తోలుది కావచ్చు.

నియమం ఒకటే, తేలికైనదే. చొక్కా ఎంత పాతదైనా, దాని గుండీల్లో ఒకటి నిరుడు అంగట్లోకి వచ్చిన రకమైతే, చొక్కా ఇప్పుడున్న రూపానికి వచ్చింది నిరుడు లేక ఆ తరువాతనే. అన్నిటికన్నా చిన్న వయసు ముక్క కూర్పుకు తొలి హద్దు పెడుతుంది. అన్నిటికన్నా పాత ముక్క దానికి హద్దు కాదు. పాతది ఎప్పుడైనా వచ్చి చేరవచ్చు, పుట్టనిది మాత్రం ముందుగా వచ్చి చేరలేదు.

సంవత్సరం అంకె లేని ముక్కలకూ వయసు కట్టవచ్చు. ఆఖరు తూటా పేలగానే కీలును పైకెత్తి ఆపే చిన్న మీట మొదట్లో ఈ పిస్తోలుకు లేదు. 1913లో వచ్చింది. పిడి వెనక కొయ్యదస్తా తగిలించే నాలుక కూడా అప్పుడే వచ్చింది. అంతకు ముందరి పిస్తోళ్ళకు తరువాత ఆ మీట అమర్చారు, అమర్చినప్పుడు చట్రానికి వేసిన చిల్లు గుర్తుగా మిగిలింది. అంటే 1910 అని రాసివున్నా ఆ చిల్లు వుంటే 1913 తరువాత మరమ్మతు జరిగిందన్నమాట. రంగు కూడా చెబుతుంది. ఒళ్ళంతా నీలిపూత వున్నా, ట్రిగ్గరు, సేఫ్టీ మీట వంటి చిన్న ముక్కలను ఎండుగడ్డి రంగులో, ఇంచుమించు బంగారు ఛాయలో వుంచేవారు. 1937లో మౌజర్ కార్ఖానా ఆ పద్ధతి మాని అన్నిటికీ నీలిపూతే వేసింది.

మౌజర్ పేరు ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారేమో. అది తెలియాలంటే 1918 తరువాతి సంగతి చెప్పుకోవాలి. ఓడిన జర్మనీకి వర్సాయి సంధి లక్షమంది సైన్యం మాత్రమే మిగిల్చింది. ఆయుధాలు దాచినవాళ్ళు దాచారు, అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు. సర్కారుకు చెందినవి ఏవో తేల్చటానికి మిగిలిన పిస్తోళ్ళ మీద 1920 అని ఇంకో ముద్ర కొట్టారు. అందుకే 1915 అనే అంకె పైన 1920 అని వున్న పిస్తోళ్ళు కనిపిస్తాయి. అది తయారైన ఏడు కాదు, సర్కారు లెక్కలోకి ఎక్కిన ఏడు. సంధి ప్రకారం కొత్త సైన్యానికి ఇవి సరఫరా చేసే అనుమతి జూల్ పట్టణంలోని సిమ్సన్ కంపెనీకి దక్కింది. వాళ్ళు పాత సైన్యం ముక్కలు కూర్చి, కొత్తవి చేసి ఇచ్చారు. ఆ కంపెనీ ఒక యూదు కుటుంబానిది. 1930ల మధ్యలో నాజీ సర్కారు వారి చేతిలోనుంచి దాన్ని లాగేసుకున్నది. కీలు మీద సిమ్సన్ పేరు చదివేటప్పుడు ఇదీ జ్ఞాపకం వుంచుకోవాలి. ముద్రల పుస్తకాల్లో ఇది ఒక వాక్యంలో అయిపోతుంది గాని, ఒక ఇంటికి అది ఒక వాక్యం కాదు.

డి.డబ్ల్యు.ఎం. యంత్రాలు 1930లో ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కార్ఖానాకు తరలిపోయాయి. హిట్లరు వచ్చాక ఆయుధాల లెక్క బయటికి పొక్కకుండా పేరుకు బదులు సంకేతం పెట్టారు. మొదట ఎస్ అక్షరం, 42 అంకె. సంవత్సరానికి బదులు 1934కు కె అక్షరం, 1935కు జి అక్షరం. 1936 నుంచి మళ్ళీ సంవత్సరమే కొట్టారు. 1939లో ఎస్ పోయి 42 మిగిలింది. 1941లో దానికి బదులు బి-వై-ఎఫ్ అనే మూడక్షరాలు వచ్చాయి. 1942తో సైన్యానికి ఈ పిస్తోలు తయారీ దాదాపు నిలిచిపోయింది, వాల్తేర్ కంపెనీ పి-38 దాని చోటు తీసుకున్నది. ఈ ఆఖరు రోజుల్లోనే కొయ్య పిడిరేకులకు బదులు కొన్నిటికి నల్ల బేకలైటు రేకులు వేశారు.

ఇప్పుడు ఒక పిస్తోలును బల్లమీద పెట్టినట్టు ఊహించుకుందాం. లెక్కల టీచరు బోర్డు మీద లెక్క వేసినట్టే ఇది. గది మీద 1920, దాని కింద 1915. చట్రం, రిసీవరు నంబరు 4127, కింద బి అక్షరం. గొట్టం అడుగున 6093. కీలు మధ్య ముక్క మీద కిరీటం, ఎర్ఫర్ట్ పేరు, 62 అంకె. పక్కరేకు 27. ట్రిగ్గరు 90. పిడిరేకులు నల్ల బేకలైటు. ఒళ్ళంతా, ట్రిగ్గరుతో సహా, ఒకే నిగనిగలాడే నీలిరంగు. ఆ రంగు పాత తుప్పు గుంటల లోపలిదాకా దిగివున్నది. రిసీవరు పక్కన ఇంటూ గుర్తులాంటి ఒక గీటు.

ఒక్కొక్కటే అడుగుదాం. చట్రం, రిసీవరు, పక్కరేకు ఒకటే కుటుంబం, 1915లో పుట్టాయి. ఎర్ఫర్ట్ కీలు 1911కూ 1918కీ నడుమ పుట్టింది. చేరటం మాత్రం ఎప్పుడైనా చేరి వుండవచ్చు, అది తేదీకి పనికిరాదు. 1920 ముద్ర వల్ల ఆ ఏడు ఇది జర్మన్ సర్కారు చేతిలో వుందని రుజువైంది. నల్ల రేకులు 1941కి ముందు చేరలేవు. నీలిరంగు తుప్పు గుంటల్లోకి దిగింది గనుక తుప్పు పట్టాక వేసిన రంగు, కార్ఖానా రంగు కాదు. ఇక ఆ ఇంటూ గీటు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం జర్మన్ల దగ్గర గుట్టలుగుట్టలుగా ఆయుధాలు పట్టుకున్నది. పట్టుకున్నవాటిని విప్పి, ముక్కలన్నీ కలిపి, రంగు నీళ్ళలో ముంచి, నంబర్ల సంగతి చూడకుండా మళ్ళీ కూర్చి గోదాముల్లో పెట్టింది. ఆయుధాలు సేకరించేవారు ఆ గీటును ఈ పనికి గుర్తుగా చదువుతారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఈ సరుకు చాలావరకు పడమటి బజార్లలోకి వచ్చింది. కాబట్టి మన బల్లమీది పిస్తోలు పుట్టింది 1915లో, ఈ రూపానికి వచ్చింది రెండో యుద్ధం చివర లేక ఆ తరువాత.

ఇదే పిస్తోలును ఎవరైనా "పాలస్తీనాలో 1918లో తాతగారు తీసుకున్నారు" అంటే ఏమనాలి? కాదనాలి. 1920లో జర్మన్ సైన్యం లెక్కలో వున్నది 1918లో హైదరాబాదు సవారీ సంచిలో వుండజాలదు. అయితే జాగ్రత్త! ఇక్కడ అబద్ధమని తేలింది పిస్తోలుకూ కథకూ వున్న ముడి మాత్రమే. తాతగారు పాలస్తీనా వెళ్ళారా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి సాక్ష్యం ఆయన పతకంలో, పెన్షను కాగితాల్లో వుంటుంది. ఒక పిస్తోలు తప్పినంత మాత్రాన ఒక మనిషి సేవ తప్పిపోదు. తిరగేసి చూసినా అంతే. 1915 అని వుండి, 1920 లేకుండా, అన్ని నంబర్లూ కలిసిన పిస్తోలు దొరికితే కథకు అడ్డేమీ లేదు, అంతవరకే. అడ్డు లేకపోవటం సాక్ష్యం కాదు. ఈ తేడా మేము పదో తరగతి పిల్లలకు చరిత్ర పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పవలసి వస్తూనే వుంటుంది. పెద్దవాళ్ళకైతే ఇంకొకసారి ఎక్కువ చెప్పాలి.

బాబాయిగారి "తుర్కీ పాషా" మాట కూడా వదలకుండా చూద్దాం, ఎందుకంటే అది ఉర్దూ చదివినవారికి మాత్రమే అందే సొగసు. మౌజర్ కంపెనీ 1896లో ఇంకో రకం పిస్తోలు తెచ్చింది. ట్రిగ్గరు ముందు పెట్టెలాంటి మ్యాగజైను, చీపురుకట్ట పిడిలాంటి గుండ్రని పిడి. దాన్ని మొట్టమొదట కొన్న సర్కారు ఉస్మానియా సర్కారే. సుల్తాన్ అబ్దుల్ హమీద్ కాలంలో 1000 పిస్తోళ్ళు వెళ్ళాయి. వాటి మీద సుల్తాను తుగ్రా, గురి రేకు మీద మన లిపి అంకెలు, పక్కన 1314 అనే సంవత్సరం వున్నాయి. లండన్‌లోనో న్యూయార్కులోనో ఒకరు దాన్ని చదవటానికి పుస్తకం వెతకాలి, మన ఇంట్లో నాలుగో తరగతి పిల్ల చదివేస్తుంది.

చదవటం తేలికే, లెక్క కట్టటంలోనే వుంది కిటుకు. 1314 హిజ్రీ అనుకుంటే 1896 నడిమి నుంచి 1897 నడిమి వరకు. ఉస్మానియా ఖజానా వాళ్ళు రూమీ అనే ఇంకో సంవత్సరం వాడేవారు, ఆ లెక్కన 1314 అంటే 1898 మార్చి నుంచి 1899 మార్చి వరకు. ఇక మన హైదరాబాదు పాత దస్తావేజులు చూసినవారికి అలవాటు ఫసలీ. దానికి 590 కలిపితే 1904. నిజాం రాజ్యపు కాగితాలు చదివి చదివి అలవాటైన ఒక పెద్దాయన ఈ పిస్తోలును చూస్తే, చెయ్యి తిరిగిన లెక్కతో 1904 అనేస్తారు. అంకె ఒకటే, చదివినవారూ సరిగ్గానే చదివారు, అయినా ఏడెనిమిదేళ్ళు తేడా. ఇక్కడ హిజ్రీయే సరి. పిస్తోలు తయారైన కాలంతో అదే అతుకుతుంది. అంటే తేదీని చదవాలంటే ముందు అది ఎవరి పంచాంగమో తెలుసుకోవాలి. లూగర్‌లోనూ ఇలాంటివి వున్నాయి. 1930ల నడుమ మౌజర్ కార్ఖానా ఇరాన్ కోసం చేసినవాటికి గది మీద సింహం, సూర్యుడు, నంబర్లన్నీ ఫార్సీ అంకెల్లో. నాలుగు, ఐదు, ఆరు అంకెలను అరబ్బులు ఒక తీరుగా, ఫార్సీవారు ఒక తీరుగా రాస్తారు గనుక, అంకె తీరు చూసి కూడా సరుకు ఏ దేశానికి పోయిందో పసిగట్టవచ్చు.

ఇక దొంగ పని గురించి. నంబర్లు కలిసిన పిస్తోలుకు బజారులో ధర ఎక్కువ. అందుకని కలవని నంబర్లను అరగదీసి కలిసే అంకెలు కొట్టేవాళ్ళు బయలుదేరారు. సర్కారు మిస్త్రీ కూడా ముక్కను మార్చినప్పుడు కొత్త నంబరు కొట్టేవాడే, కాని అతను పాత అంకెను గీత గీసి కొట్టివేసి పక్కన కొత్తది కొట్టేవాడు, దాచేవాడు కాదు. తప్పు దిద్దిన కుర్రవాడికీ, మార్కుల కాగితం దిద్దిన కుర్రవాడికీ వున్న తేడా ఇదే. ఆ చోట ఇనుము కొంచెం గుంటపడి వుందా, అంకెల లోతు, సైజు తక్కినవాటితో కలుస్తున్నాయా అని ఏటవాలు వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే చాలావరకు బయటపడుతుంది.

మరొక మాట, ఇది చట్టం మాట. ఇంట్లో లైసెన్సు లేని పిస్తోలు వుంచుకోవటం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, తాతగారిదైనా అంతే. అటువంటిది ఏదైనా పాత పెట్టెలో బయటపడితే ముందు వకీలును కలిసి, పోలీసువారికి తెలియజేయాలి. పైన చెప్పినవన్నీ ఫోటోల మీద, మ్యూజియం అద్దం ఇవతల నిలబడి చేయగలిగిన పనులే, పిస్తోలు చేతపట్టనక్కరలేదు. లూగర్ గదిలో తూటా వుంటే పైన ఒక రేకు లేచి "గెలాడెన్", అంటే నిండివుంది అనే జర్మన్ మాట కనిపిస్తుంది. దాన్ని నమ్మి చెయ్యి పెట్టవద్దు. కలగలిసిన పిస్తోలులో ఆ రేకు కూడా ఎవరిదో!

చివరగా మ్యాగజైను మాట. కైజరు కాలంలో ప్రతి పిస్తోలుకు రెండు మ్యాగజైన్లు ఇచ్చేవారు. రెంటి అడుగునా పిస్తోలు నంబరే, రెండోదానికి కూడిక గుర్తు అదనం. యుద్ధంలో మొదట పోయేది ఇదే గనుక, అదే నంబరుతో ఇది దొరికితే మిగతా ముక్కలను ఇంకా శ్రద్ధగా చూడాలి, సంతోషించటానికైనా, అనుమానించటానికైనా.

మన బల్లమీది పిస్తోలును ఒక మ్యూజియంలో పెడితే కింద చీటీ మీద ఏం రాయాలి? "జర్మన్ పిస్తోలు, 1915" అని రాస్తే సగమే నిజం. మేమైతే ఇలా రాస్తాము: "పిస్తోలు 08. చట్రం, రిసీవరు డి.డబ్ల్యు.ఎం., బెర్లిన్, 1915. సర్కారీ ముద్ర 1920. కీలు ఎర్ఫర్ట్ కార్ఖానాది. గొట్టం, ట్రిగ్గరు వేరే పిస్తోళ్ళవి. పిడిరేకులు 1941 లేక తరువాత. ఈ కూర్పు, పైరంగు సోవియట్ సైన్యం పట్టుకున్న తరువాతవి." చీటీ కొంచెం పెద్దదవుతుంది. అద్దాల బీరువాలో అంత చోటు వుంటుంది.